గురువు పొరపాటే పడడా? బనగానపల్లె సత్సంగంలో మిగిలిపోయిన ప్రశ్న

బనగానపల్లె వాసి:
మొన్న మా ఊరి సత్సంగంలో ఒక పెద్దాయన గట్టిగా అన్నాడు: "మహాత్ములు తప్పు చెయ్యరు. తప్పుగా కనపడితే అది మన చూపులోని దోషం." నాకు మింగుడు పడలేదు, కానీ అక్కడ అడగలేకపోయినాను. మతాలు స్థాపించినవాళ్లు, గురువులు పొరపాటే పడరని నమ్మాలా? ఎవరినీ కించపరచకుండా చెప్పండి.

ఎమ్మిగనూరు భక్తుడు:
ఆ పెద్దాయన మాటే నా మాట. మంత్రాలయం మాకు దగ్గర, గురువారం తప్పకుండా పోతాను. రాఘవేంద్రస్వామి బృందావనంలోకి ప్రవేశించింది, అంటే సజీవ సమాధి అయింది, 1671లో. నాకు నేటికీ ఆయనే దారి. గురువును నా కొలతతో కొలిచేటట్లయితే ఇక గురువెందుకు? బ్రహ్మంగారి కథే చూడండి. దేహంలోనే దేవతలున్నారని ఆయన చెప్తే, కక్కయ్య అనేవాడు ఇంటికి పోయి భార్యనే కోసి చూసినాడు. తప్పు చెప్పినవారిదా, విన్నవాడిదా?

ధర్మవరం రైతుబిడ్డ:
అన్నా, ఆ కథ వింటూనే పెరిగినాను. అబద్ధం చెప్పినావని మీదికొచ్చిన కక్కయ్యను బ్రహ్మంగారు తరిమెయ్యలేదు. అర్థం విప్పి చెప్పి, ఆమెను బతికించినారు. నిలదీసినవాడే శిష్యుడైనాడు.

మా నాయన సంగతి చెప్తాను. ఒక ఏడు ముంగారు వాన బాగా పడింది. చేను పదునైంది, శెనక్కాయ విత్తనం సిద్ధంగా ఉంది. నాయన తాను కొలిచే స్వామిని అడిగితే పున్నమి దాటినాక విత్తమన్నాడు. అంటే ఇంకా తొమ్మిది రోజులు. ఎర్రనేల, ఊరికే ఆరిపోతుంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆరో రోజు మా అమ్మ చేనిగట్టు మీద మన్ను పిడికిట్లోకి తీసుకొని పిసికింది. ఉండ కట్టలేదు, వేళ్లసందుల్లో జారిపోయింది. ఆ ఏడు సగం గింజే మొలిచింది.

నాయన పోయి చెప్తే ఆ స్వామి "నేను చెప్పింది పొరపాటప్పా, సేద్యం నాకేం తెలుసు" అన్నాడు. నేను పక్కనే ఉన్నా. బయటికొచ్చినాక శిష్యులేమో "స్వామి మాట తప్పదు, మీ కర్మ అట్లుంది" అన్నారు. ఆయన ఒప్పుకున్న తప్పును తెచ్చి మా నాయన నెత్తిన పెట్టినారు. నా కోపమంతా ఆ శిష్యుల మీదే.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే భాగంలో, చదువు ముగించి పోయే శిష్యుడికి ఆచార్యుడు చెప్తాడు: మా మంచి నడతలనే పట్టుకో, తక్కినవి వద్దని. తక్కినవీ ఉంటాయని ఆయనే అంటున్నాడు గదా!

కడప దర్గా వీధి:
మీ చేను సంగతి చదివితే ప్రవక్త మాటల్ని, నడతను కూర్చిన సహీహ్ ముస్లిం అనే గ్రంథంలోని ఒక హదీసు గుర్తొచ్చింది. మదీనాలో ఖర్జూరానికి మగపూత తెచ్చి ఆడపూతకు పట్టించేవాళ్లు. దానివల్ల లాభముంటుందని అనుకోనని ప్రవక్త అంటే మానేసినారు. కాపు తగ్గింది. అప్పుడాయన, మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసు అన్నారు. దైవసందేశం అందించడంలో ప్రవక్తలు పొరపాటు పడరని మా నమ్మకం, అందులో నాకు సందేహం లేదు. చెట్ల కాపు వేరు. ఆ గీత ఆయనే గీసినారు.

కడప విశ్వాసి:
మా కాథలిక్కుల్లోనూ అట్లాంటి గీత ఉంది. పోపు తప్పు చెప్పరనే సిద్ధాంతాన్ని 1870లో మొదటి వాటికన్ సభ ప్రకటించింది. అది ఆయన ప్రతి మాటకూ కాదు, విశ్వాసం, నీతి విషయాల్లో శ్రీసభ (మా క్రైస్తవ సంఘం) అంతటికీ కట్టుబాటుగా నిర్ణయించి చెప్పినప్పుడే. 1950లో మరియమాత మోక్షారోపణం గురించి, అంటే ఆమె శరీరంతోనే పరలోకానికి ఎత్తబడిందని, చెప్పింది అట్లాంటిది. మేం మొదటి పోపుగా చెప్పుకునే పేతురునే పౌలు అంతియొకయలో ముఖం మీద నిలదీసినాడు.

ఎమ్మిగనూరు భక్తుడు:
తమ్ముడూ, సేద్యం సంగతి ఒప్పుకుంటా. మీ నాయనకు జరిగింది చదివి బాధేసింది. కానీ ధర్మం సంగతిలో ఏది మంచి నడతో, ఏది కాదో ఏరేది ఎవరు? అంత తెలివి శిష్యుడికే ఉంటే గురువు దగ్గరికి ఎందుకొస్తాడు?

ధర్మవరం రైతుబిడ్డ:
శిష్యుడే ఏరాలన్నా. ఏరడంలో పొరపాటూ పడొచ్చు. తమిళనాడులోని తిరుకోష్టియూరులో గురువు ఎవరికీ చెప్పొద్దన్న మంత్రాన్ని వైష్ణవ ఆచార్యులు రామానుజులు గుడి పైకెక్కి అందరికీ చెప్పినారు. నాకు నరకమొచ్చినా వీళ్లు తరిస్తే చాలన్నారు. ఆ మాట విని గురువే ఆయన్ను కౌగిలించుకున్నారు. వైష్ణవులు ఆ కథను దాచుకోలేదు, గొప్పగా చెప్పుకుంటారు. మా నాయన ఇప్పటికీ ఆ స్వామి పటానికి దండం పెట్టుకుంటాడు. విత్తే రోజు మాత్రం అమ్మను అడుగుతాడు.

బనగానపల్లె వాసి:
శీక్షావల్లి మాట కాగితం మీద రాసుకున్నా. ఈసారి సత్సంగంలో పెద్దాయనకు చదివి వినిపిస్తాను. ఏమంటాడో వచ్చి చెప్తా.