తెలుగులో సింథ్ పాప్ పాడి మాట వినపడకుండా మిక్స్ చేస్తే అది తప్పా కాదా?

రాత్రి_షిఫ్ట్ (మారతహళ్ళి):
పోయిన శనివారం బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక చిన్న గిగ్‌కి వెళ్ళా. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఇద్దరూ మనవాళ్ళే, ఒక లాప్‌టాప్, ఒక చిన్న సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), ఒక మైకు, అంతే. పదేళ్ళ పైనే అయింది నేను ఈ ఊరొచ్చి, హమ్మింగ్ ట్రీ అనే లైవ్ మ్యూజిక్ వేదిక ఉన్నప్పట్నుంచీ (2019లో మూసేశారు కదా, ఇప్పటికీ ఆ సందులోంచి వెళ్తే అటు చూస్తా) ఎలక్ట్రానిక్ గిగ్ అంటే నాకు తగిలింది దాదాపు ఇంగ్లీషే. అలాంటిది స్టేజి మీద నుంచి ఒక్కసారి తెలుగు మాట వినపడేసరికి ఒళ్ళు జలదరించింది, నిజంగా. అయిపోయాక చేతికి ఒక కార్డు ఇచ్చారు, దాని మీద క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే నాలుగు పాటల ఈపీ (చిన్న ఆల్బమ్) డౌన్‌లోడ్ అవుతుంది. వాళ్ళ మొట్టమొదటి రిలీజ్ అదే. వచ్చే నెల ప్లాట్‌ఫారాల మీద పెడతారంట, అప్పటిదాకా పేరు ఎక్కడా రాయొద్దని అడిగారు కాబట్టి రాయట్లేదు, ఎవరూ అడక్కండి.

ఇక విషయానికొస్తా. ఆదివారం ఒంగోలు ఫోన్ చేసి అమ్మకి రెండో పాట వినిపించా. సగం దాకా ఓపిగ్గా విని "బాగుంది నాన్నా, హిందీనా?" అంది. నాకు ఎక్కడో కలుక్కుమంది. అమ్మ దాకా ఎందుకు, నేనే మూడు రోజులు "అలలో దారి తప్పాను" అని పాడుకుంటూ తిరిగా, బుధవారం ఆఫీసు బస్సులో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అప్పుడు తెలిసింది అది "కలలో" అని. నా మాట ఏంటంటే, ట్యూన్ ఎంత బాగున్నా, కొత్తగా వినేవాడికి మాట అందకపోతే తెలుగులో పాడి లాభమేంటి? ఇంకా నెల టైముంది, మళ్ళీ మిక్స్ చేయమని వాళ్ళకి చెప్పాలా వద్దా?

బ్లూ_క్యాసెట్:
వద్దు. అస్సలు వద్దు. ఆ గిగ్‌లో నేనూ ఉన్నాను, ఆ రెండో పాటకి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఒక్క ముక్క కూడా అర్థం కాకుండానే. కాక్టో ట్విన్స్ అనే స్కాటిష్ బ్యాండ్ వినండి ఒకసారి, 1982లో వచ్చింది వాళ్ళ మొదటి ఆల్బమ్, వాళ్ళ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ ఏం పాడుతుందో చాలా పాటల్లో ఇంగ్లీషు వాళ్ళకే తెలీదు, అయినా నలభై ఏళ్ళుగా వింటున్నారు. ఆమె గొంతు కూడా గిటార్‌లాగా ఒక వాయిద్యం. మనకి సినిమా పాటల అలవాటు ఎక్కువైపోయి, పాట అనగానే ముందు లిరిక్, తర్వాతే మిగతాదంతా. నాలుగు పాటలతో ఇప్పుడే బయటికొచ్చిన పిల్లలకి మొదటి రోజే "అమ్మకి అర్థం కాలేదు" అని చెప్తే, రెండో ఈపీకి భయపడి మామూలు మెలొడీలు చేసుకుంటారు.

ఫేడర్:
నేను సౌండ్ పనే చేస్తా కాబట్టి ఈపీ తెప్పించుకుని విన్నాను (థాంక్స్ షిఫ్ట్ బ్రో). ఆ "క" ఎక్కడికి పోయిందో చెప్తా. వాళ్ళు సైడ్‌చైన్ పెట్టారు, అంటే కిక్ డ్రమ్ పడిన ప్రతిసారీ మిగతా సౌండంతా ఒక్క క్షణం తగ్గి మళ్ళీ లేస్తుంది, డాన్స్ మ్యూజిక్‌లో ఆ ఊపిరి తీసుకున్నట్టు ఉండే ఊపు దానివల్లే వస్తుంది. ప్యాడ్‌కి, అంటే వెనకాల సాగుతూ ఉండే సింథ్ సౌండ్‌కి, పెడితే అందం. వీళ్ళు గొంతుకి కూడా పెట్టేశారు. "కలలో"లో "క" సరిగ్గా కిక్ మీదే పడుతుంది, ఆ హల్లు పేలి అయిపోయేది ఇరవై ముప్పై మిల్లీసెకన్లలో, గొంతు మళ్ళీ పైకి లేచేలోపు "క" అయిపోయి అచ్చు ఒక్కటే మిగుల్తుంది. అందుకే "అలలో". ఇది మీరు తప్పుగా వినడం కాదు, స్పీకర్లోంచి వచ్చేదే అది.

నాలుగో పాటలో వోకోడర్ (గొంతుని సింథ్ నాదంతో పలికించే మెషిన్) ఉంది, అది వేరే కథ. వోకోడర్ పాటల కోసం పుట్టలేదు, 1930ల్లో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఆయన ఫోన్ లైన్ మీద తక్కువ బ్యాండ్‌విడ్త్‌లో మాట పంపడానికి చేశాడు. అంటే అవతలివాడికి మాట అందడం కోసమే పుట్టిన మెషిన్ అది! సింథ్ నాదంలో గరగర ఉండదు కాబట్టి స, శ, చ లాంటివి దాంట్లో పలకవు, కాస్త నాయిస్ కలపాలి లేదా అసలు గొంతులో పై ఫ్రీక్వెన్సీలు మాత్రం పలచగా పైన వెయ్యాలి. పావుగంట పని. గొంతు మెషిన్‌లాగే ఉంటుంది, అక్షరం కూడా ఉంటుంది. కాబట్టి అందమా అర్థమా అని ఒకటే ఎంచుకోవాల్సిన పనేం లేదు ఇక్కడ.

తంబురా_శ్రుతి (చెన్నై):
ఈ గొడవ కొత్తది కాదండి. మా ఊళ్ళో మార్గళి (మన ధనుర్మాసం) సీజన్‌లో కచేరీ సభల్లో కూర్చుని త్యాగరాజస్వామి కృతులు వినేవాళ్ళలో ఎంతమందికి తెలుగొచ్చు? మాట తెలీకుండానే తల ఊపుతారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. అదే ఊళ్ళో "మాకు అర్థమయ్యే భాషలో పాడండి" అని తమిళ ఇసై ఉద్యమం నడిచింది, రాజా అణ్ణామలై చెట్టియార్ 1943లో తమిళ్ ఇసై సంగం పెట్టింది అందుకే. రెండు పక్షాలదీ ప్రేమే. నేను మాత్రం రాత్రి_షిఫ్ట్ గారి వైపు కొంచెం మొగ్గుతాను, ఎందుకంటే కృతిలో పదాన్ని ఎక్కడ విరిచినా, ఎంత సాగదీసినా రసికుడికి సాహిత్యం ముందే తెలుసు, పాఠం చిన్నప్పట్నుంచీ చెవిలో ఉంది. మొట్టమొదటి రిలీజ్‌కి ఆ చెవి ఎక్కడుంది? ఇంకోటి, తెలుగులో దీర్ఘం మారితే మాటే మారిపోతుంది, వన వేరు వాన వేరు. ఆ రెండో పాట చివర్లో "వానలో" అని రాసుకున్నట్టున్నారు, ట్యూన్ కోసం నొక్కేసి "వనలో" చేశారు. అది మిక్సింగ్ తప్పు కాదు, పాడిన తప్పు.

బ్లూ_క్యాసెట్:
"వనలో" నేను గమనించలేదు, ఒప్పుకుంటా, అది సరిచెయ్యాల్సిందే. కానీ సైడ్‌చైన్ గురించి ఫేడర్ అన్న చెప్పింది ఒప్పుకోను. దారి తప్పినవాడి పాటలో మాట తేలుతూ మునుగుతూ ఉండటం వాళ్ళు కావాలనే పెట్టుకున్నారని నాకనిపిస్తుంది. కలలో అయినా అలలో అయినా ఆ పాటకి సరిపోతుంది కదా!

రాత్రి_షిఫ్ట్:
అక్కా, కావాలని పెడితే రెండు మాటలూ వినపడేలా పెట్టాలి, ఒకసారి కల ఒకసారి అల. ఇది అన్ని సార్లూ ఒక్కలాగే మింగేసింది. నువ్వు కాక్టో ట్విన్స్ అన్నావు, అదే స్కాట్లాండ్ నుంచి చర్చెస్ అనే బ్యాండ్ వాళ్ళు కూడా వచ్చారు, 2013లో మొదటి ఆల్బమ్, చుట్టూ సింథ్‌లు హోరెత్తుతుంటే లారెన్ మేబెరీ గొంతు ముందు నిలబడి ప్రతి అక్షరం తగుల్తుంది, ఆ స్కాటిష్ యాసతో సహా. నాకు మనవాళ్ళ యాస వినాలనుంది. ఆ అమ్మాయి మధ్యలో "ఏందో" అంటుంది చూడు, అది మా వైపు మాట, దాన్ని కూడా రివర్బ్‌లో, అంటే ప్రతిధ్వని ఎఫెక్ట్‌లో, ముంచేశారు. ఇంగ్లీషులో మాట అర్థం కాని బ్యాండ్ ఒకటుంటే పక్కన అర్థమయ్యేవి వెయ్యి ఉన్నాయి. మనకి ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కూడా నాకు కనపడలేదు.

ఎల్లో_లైన్:
ఇంత చర్చెందుకు, ముందు రిలీజ్ చెయ్యనివ్వండి, వాళ్ళకి నాలుగు డబ్బులు రావాలి కదా?

ఫేడర్:
డబ్బుల కోసమైనా ఇప్పుడే సరిచెయ్యాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో కనీసం 1000 సార్లు ప్లే అవ్వని ట్రాక్‌కి రాయల్టీ అసలు రాదు. పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్ అయితే అమ్మిన దాంట్లో 15 శాతం పట్టుకుని మిగతాదంతా, పేమెంట్ ఛార్జీలు పోను, వాళ్ళకే ఇస్తుంది. వినేవాళ్ళు తక్కువున్నప్పుడు విన్న ప్రతివాడూ పాడుకుంటూ తిరగాలి, అలా పాడుకోవడానికి మాట కావాలి. సైడ్‌చైన్ గొంతు మీద నుంచి తీసి ప్యాడ్‌కే ఉంచమనండి, రివర్బ్‌కి ముందు ఒక 30-40 మిల్లీసెకన్లు గ్యాప్ ఇమ్మనండి, అక్షరం పొడిగా వచ్చాకే తడి, అంటే ఆ ప్రతిధ్వని, మొదలవుతుంది. కావాలంటే నేను ఫ్రీగా చేసిపెడతా, విడివిడి ట్రాక్‌ల ఫైళ్ళు పంపమనండి.

రాత్రి_షిఫ్ట్:
అన్నా, నీ పోస్టులు రెండూ, తంబురా గారిదీ స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళకి పంపా. అబ్బాయి రిప్లై ఇచ్చాడు, "వనలో" మళ్ళీ పాడతారంట, సైడ్‌చైన్ గురించి ఇద్దరూ కూర్చుని విని చెప్తామన్నారు. నిన్న అమ్మకి మూడో పాట వినిపించా, అందులో వాన చప్పుడు, కింద సన్నగా ఒక సింథ్, పైన ఆ అమ్మాయి గొంతు అంతే కదా. అమ్మ అయిపోయేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత "మన పిల్లేనా, ఏ ఊరంట?" అని అడిగింది.

బ్లూ_క్యాసెట్:
ఈ మాట ఆ అమ్మాయికి చేరవెయ్యి, చాలా సంతోషిస్తుంది. రెండో పాట మీ ఇష్టం. నాలుగో పాటలో వోకోడర్‌ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పు, దాని కోసం నేను ఇంకా పోట్లాడతా.