ఎస్‌డబ్ల్యుఐలో సైనస్ పక్కన నల్లమచ్చ: మళ్లీ తీయాలా, ఉన్న ఫేజ్‌తో సరిదిద్దాలా?

పెన్నాగట్టు, నెల్లూరు, ఎంఆర్ టెక్నీషియన్
1.5 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రం మీద మెదడు ఎస్‌డబ్ల్యుఐ (సిరలు, రక్తం నల్లగా తేలేలా తీసే బొమ్మ) తీస్తే నుదుటి సైనస్ (ఎముకలోని గాలి గది) పైనా, చెవి వెనక ఎముక పక్కనా నల్లమచ్చలు పడతా ఉంటాయి. వాటిని మైక్రోబ్లీడ్స్ (మెదడులో చిన్న రక్తపు చుక్కలు) అని రాస్తే, రక్తం పలచబడే మందు అవసరమైన మనిషికి అది ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. అందుకే మనిషి బల్ల మీద ఉండగానే ఇంకోసారి తీయాలంటాను. టీఈ (సిగ్నల్ పట్టేముందు ఆగే సమయం) 40 మిల్లీసెకన్ల నుంచి 20కి దించితే మచ్చ తగ్గుతుంది. ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చినోళ్లను మళ్లీ రమ్మనడం న్యాయం కాదు.

కొత్తపట్నం అల, ఒంగోలు, రేడియాలజిస్ట్
తమ్ముడూ, ఆదుర్దా సరైందే. కానీ అన్ని మచ్చలూ ఒకటి కాదు. ముందు మాగ్నిట్యూడ్ (సిగ్నల్ బలం చూపే) బొమ్మ తెరువు. అందులోనూ నలుపే ఉంటే అక్కడ సిగ్నలే పోయింది, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అది శుభ్రంగా ఉండి ఎస్‌డబ్ల్యుఐ ఒక్కదాంట్లోనే నల్లగా ఉంటే తప్పు ఫేజ్‌ది, అంటే సిగ్నల్ ఎంత కోణం తిరిగిందో చూపే బొమ్మది. గాలికీ మెదడుకీ ససెప్టిబిలిటీ (అయస్కాంతానికి స్పందించే గుణం) తేడా సుమారు 9 పీపీఎం (పది లక్షల్లో 9 వంతులు). టీఈ 40 దగ్గర ప్రతి 25 హెర్ట్జ్ తేడాకీ ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, సైనస్ పక్కన చుట్టు మీద చుట్టు పడుతుంది. మెల్లగా మారే ఫేజ్‌ను తీసేసే హైపాస్ ఫిల్టర్ దాన్ని పూర్తిగా తుడవలేదు. మిగిలిన చారను మాస్క్ (ఫేజ్‌ను బట్టి బొమ్మను నల్లబరిచే పొర) సిరగా లెక్కేస్తుంది. ఆ మాస్క్‌ను మామూలుగా 4 సార్లు గుణిస్తాం కాబట్టి మసక చార కాస్తా బొగ్గులా తేలుతుంది. దీనికి మళ్లీ స్కాన్ దండగ, ఉన్న ఫేజ్‌నే సరిదిద్దితే చాలు. పైగా టీఈ 20కి దించితే 1.5 టెస్లాలో సిరల కాంట్రాస్ట్ పడిపోతుంది, నిజమైన చిన్న చుక్క కూడా దాక్కుంటుంది.

బిట్రగుంట సిగ్నల్, ఎంఆర్ ఫిజిక్స్
టీఈని ముట్టుకోకుండానే దారుంది. ఒక వోక్సెల్ (బొమ్మలోని బుల్లి ఘనం) మందంలోనే ఫేజ్ చుట్టు తిరగడం వల్ల సిగ్నల్ చస్తుంది. స్లైస్ 2 మి.మీ. నుంచి 1కి తెస్తే ఆ తిరుగుడు సగమవుతుంది. నాయిస్ పెరుగుతుంది, అంతే ఎత్తు తీయాలంటే సమయం రెట్టింపు. అందుకని అనుమానమున్న చోటికే స్లాబ్ (స్కాన్ చేసే పలకలాంటి భాగం) పెట్టాలి.

మేడం చెప్పిన సరిదిద్దడానికీ హద్దులున్నాయి. అన్‌ర్యాప్ చేసి (ఫేజ్ చుట్లు విప్పి), షార్ప్ లాంటి పద్ధతితో బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ (బయటి గాలి లాంటి వాటి వల్ల మెదడులో పడే అయస్కాంత తేడా) తీసేస్తే చారలు చాలావరకు పోతాయి, కానీ షార్ప్ మెదడు అంచును కొన్ని మిల్లీమీటర్లు కోసేస్తుంది. అమైలాయిడ్ ఆంజియోపతీ (మెదడు రక్తనాళాల గోడల్లో ప్రొటీన్ పేరుకునే జబ్బు) చుక్కలు ఎక్కువగా కార్టెక్స్ (మెదడు పైపొర) దగ్గరే ఉంటాయి. అంచు పోయిన బొమ్మ చూసి చుక్కల్లేవని రాయకూడదు. ఇంకోటి: కాయిల్ ఎలిమెంట్ల (సిగ్నల్ పట్టే యాంటెన్నాల) ఫేజ్‌ను సరిగా కలపకపోతే ఒక బిందువు చుట్టూ ఫేజ్ గిర్రున తిరిగి, అక్కణ్నించి గీత తోకలా సాగుతుంది. దాన్ని అన్‌ర్యాపింగ్ విప్పలేదు. ఒక్కో ఎలిమెంట్ డేటా విడిగా ఉంటేనే మళ్లీ కలపగలం.

గూడూరు జంక్షన్
ఫిట్స్‌తో వచ్చినవాళ్లలో కాల్షియం చేరి గట్టిపడిన సిస్టిసర్కస్ (బద్దెపురుగు లార్వా) తిత్తా, పాత రక్తమా అన్నది ఫేజ్‌తోనే తేలుతుందా మేడం? సీటీ తప్పదా?

కొత్తపట్నం అల
చాలాసార్లు తేలుతుంది. ఫేజ్‌లో సిర తెల్లగా కనిపించాలా నల్లగానా అన్నది యంత్రం కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి అదే బొమ్మలో లోపలి సెరిబ్రల్ సిర రంగు చూసుకోవాలి. రక్తం దాని వైపు, కాల్షియం ఎదురు వైపు. మచ్చ నడిమి స్లైస్‌లోనే చదవాలి, పైకొనలోనూ కిందికొనలోనూ రంగు తిరగబడుతుంది. అక్కడ చదివి కాల్షియాన్ని రక్తమనేయడం తరచూ జరిగే పొరపాటు. పెద్ద మచ్చ లోపలే ఫేజ్ చుట్టు తిరిగిపోతే నమ్మొద్దు, సీటీ తీయించండి. మిన్‌ఐపీ (కొన్ని స్లైసుల్లోని నలుపంతా ఒకే బొమ్మలో కలిపింది) మీద చుక్కలు లెక్కపెట్టొద్దు. అడ్డంగా తెగిన సిర కూడా చుక్కలాగే ఉంటుంది, పక్క స్లైసుల్లోకి సాగుతుందో లేదో పలచని స్లైసుల్లోనే తెలుస్తుంది.

పెన్నాగట్టు
ఫేజ్ చార వరకు ఒప్పుకుంటున్నా, మళ్లీ తీయక్కర్లేదు. కానీ చాలా చోట్ల ఎస్‌డబ్ల్యుఐ, మిన్‌ఐపీ మాత్రమే పంపి ఫేజ్‌ను కన్సోల్‌లోనే చెరిపేస్తా ఉంటారు. అప్పుడు దేంతో సరిదిద్దుతారు? మాగ్నిట్యూడ్, ఫేజ్ రెండూ సేవ్ అయ్యేట్టు ప్రోటోకాల్‌లోనే పెట్టాలి. జడపిన్నులు, లోహపు బిగింపున్న రబ్బరు బ్యాండ్లు బయటే తీయించాలి. తల కదిలితే ఫేజ్ సాఫ్ట్‌వేర్ ఏదీ ఆదుకోదు, ప్యాడ్లు బిగించి మొదట్నించీ తీయాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటా. రాత్రిపూట రేడియాలజిస్ట్ లేనప్పుడు మాగ్నిట్యూడ్‌లోనూ నలుపు కనబడితే, అడగకుండానే 1 మి.మీ. స్లాబ్ అదనంగా తీసి, మొదటిదాన్ని చెరపకుండా రెండూ పంపుతా.

కొత్తపట్నం అల
పంపు. ఏది ఏ టీఈతో, ఏ మందంతో తీశావో సీరీస్ పేరులోనే రాయి.