డోమ్ హెల్డర్ కమారా: ఆయన కట్టిన వాటిలో నిలిచిందేది, పోయిందేది?

ప్రశ్న:
మా చర్చి విచారణ పత్రికకు బ్రెజిల్ కతోలిక అగ్రపీఠాధిపతి కమారా గురించి వ్యాసం రాయాలి. ఎక్కడ చూసినా ఒకటే మాట: పేదలకు అన్నం పెడితే పునీతుడన్నారు, అన్నం ఎందుకు లేదని అడిగితే కమ్యూనిస్టన్నారు. అది వదిలేసి, ఆయన చేసిన పని సంగతి చెప్తారా?

జవాబు 1:
ఆయన పనిచేసింది ముందు రియోలో, తర్వాత ఈశాన్య బ్రెజిల్‌లోని రెసీఫేలో. రెండూ కలిపేస్తే వ్యాసం చెడుతుంది. రియోలో సహాయ పీఠాధిపతిగా (బిషప్‌గా) ఉండగా 1952లో బ్రెజిల్ పీఠాధిపతుల సమాఖ్యను నిలబెట్టి, 1964 దాకా కార్యదర్శిగా నడిపారు. 1955లో మురికివాడల వాళ్లకు రియోలోని సంపన్నుల పేట లెబ్లోన్‌లోనే ఫ్లాట్లు కట్టించే పని మొదలుపెట్టారు. ఊరి చివరికి తరిమేయకుండా పని దొరికే చోటే ఇల్లు అన్నది అందులో అసలు కిటుకు. అయితే పల్లెల నుంచి వలస ఆగనప్పుడు ఎన్ని ఫ్లాట్లు కడితే సరిపోతాయి? ఇంకోటి, కుర్ర ఫాదర్‌గా 1930లలో ఫాసిస్టు వాసన ఉన్న ఇంటెగ్రలిస్టులనే రాజకీయ ఉద్యమంలో చేరారు. దాచకండి, తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

జవాబు 2:
రెసీఫేకి అగ్రపీఠాధిపతిగా వచ్చింది 1964 ఏప్రిల్‌లో, సైన్యం గద్దెనెక్కిన కొద్ది రోజులకే. 1968లో పీఠాధిపతి భవనం వదిలి ఫ్రొంటేరస్ గుడి వెనక చిన్న గదుల్లోకి మారారు. మెడలో చెక్క సిలువే. 1965 నవంబరు 16న రోములో డొమిటిల్లా భూగర్భ సమాధుల దగ్గర సుమారు 40 మంది పీఠాధిపతులు చేసిన ఒప్పందం తప్పక చదవండి: సొంత పేర బ్యాంకు ఖాతా ఉండదు, బిరుదులు ఉండవు, డబ్బు లెక్కలు గృహస్థుల (ఫాదర్లు కాని విశ్వాసుల) కమిటీ చూడాలి. 1969 మేలో ఆయన దగ్గర యువత పని చూసే ఫాదర్ హెన్రికెను చంపేశారు. మరుసటేడు పారిస్‌లో కమారా చిత్రహింసల గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆ తర్వాత బ్రెజిల్ పత్రికల్లో ఆయన పేరే అచ్చుకాకుండా చేశారు.

జవాబు 3:
ఇక పోయినవి. పీఠాధిపతి 75 నిండగానే రాజీనామా ఇవ్వాలన్నది శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం; 1985లో కమారా స్థానంలో కొత్తాయన వచ్చారు. కమారా కాలంలో నడిచిన రెసీఫే వేదాంత విద్యాసంస్థనీ, ఫాదర్లను తయారుచేసే ప్రాంతీయ గురువిద్యాలయాన్నీ 1989లో మూసేశారు. చిక్కు ఎక్కడంటే, పీఠం ఖాళీ కాగానే పీఠాధిపతికి సలహా ఇచ్చే గురువుల (ఫాదర్ల) మండలి కూడా రద్దవుతుంది. మేత్రాసనంలో (పీఠాధిపతి పాలించే ప్రాంతంలో) ఏం కట్టినా తర్వాతి పీఠాధిపతి దయే. బ్రెజిల్ సమాఖ్య మాత్రం పీఠాధిపతులందరిదీ కాబట్టి నిలిచింది. వ్యాసానికి ఇదే ఇరుసు అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
పేరు ముందు 'ధన్య' అని పెట్టొచ్చా?

జవాబు 3:
వద్దండీ. 1999 ఆగస్టు 27న కన్నుమూశారు, పునీతుడిగా ప్రకటించే ప్రక్రియ 2015లో మొదలైంది. ఆ ప్రక్రియలో తొలి మెట్టు బిరుదైన 'దైవసేవకుడు' అని రాయండి.