డిపార్ట్‌మెంట్లు కలిపేటప్పుడు మెంటర్లను కూడా మార్చాలా?

ప్రశ్న: గుంటూరు మేడమ్

నమస్తే అండీ. నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మా దగ్గర సీఎస్‌ఈ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ మూడూ వేర్వేరు డిపార్ట్‌మెంట్లు, ముగ్గురు హెచ్‌ఓడీలు. వచ్చే ఏడాది నుంచి మూడింటినీ ఒకే 'స్కూల్ ఆఫ్ కంప్యూటింగ్' చేస్తారట. సివిల్, మెకానికల్, ట్రిపుల్‌ఈ కలిపి ఇంకో స్కూల్. కలపడం నాకు ఇష్టమే. ఒకే డీబీఎంఎస్ (డేటాబేస్) సబ్జెక్టుని ముగ్గురం మూడు రకాల నోట్స్‌తో చెబుతున్నాం. ల్యాబ్ ఖాళీగా ఉన్నా పక్క డిపార్ట్‌మెంట్‌కి తాళం ఇవ్వరు.

నా బాధ మెంటరింగ్ గురించి, అంటే ఒక్కో టీచర్‌కి కొంతమంది పిల్లల్ని అప్పగించి వాళ్ల బాగోగులు చూడమనే పద్ధతి. లోడ్ సమానం చేయాలని అన్ని సంవత్సరాల పిల్లలనూ రోల్ నంబర్ల వరుసలో మళ్లీ పంచుతారట. నా దగ్గరున్న ఒక అబ్బాయి అటెండెన్స్ 68 శాతం. రిజిస్టర్‌లో వాడి పేరు ఎదురుగా 'కౌన్సెలింగ్ ఇచ్చాం' అని వరుసగా ఐదారు సంతకాలు కనిపిస్తాయి, అంతే. అసలు సంగతి ఏమిటంటే ముహూర్తాల రోజుల్లో కేటరింగ్ పనికి వెళ్తాడు, ఆ డబ్బుతోనే హాస్టల్ ఫీజు కడతాడు. ఈ మాట నాతో చెప్పడానికి వాడికి ఒక సెమిస్టర్ పట్టింది. 75 తగ్గితే కండొనేషన్ (అటెండెన్స్ తక్కువైనా పరీక్షకు అనుమతి కోరడం), 65 తగ్గితే డిటెన్షన్ (ఆ సెమిస్టర్ పరీక్షలకు రానివ్వరు). ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ 75 చూస్తారు. ఇలాంటి పిల్లాడు థర్డ్ ఇయర్‌లో కొత్త మనిషి దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? మీ కాలేజీల్లో ఎలా చేశారో చెప్పండి.

జవాబు: మెకానికల్ ప్రొఫెసర్, హైదరాబాద్

మేడమ్, మా దగ్గర ఇదంతా అయింది. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) తీసేశాక కంప్యూటర్ సెక్షన్లు పెరిగాయి, మా మెకానికల్‌లో పిల్లలు తగ్గారు. దాంతో మాకు కూడా సీఎస్‌ఈ పిల్లల్ని మెంటరింగ్‌కి ఇచ్చారు. ఏ ఎలెక్టివ్ తీసుకోవాలని అడిగితే నేనేం చెప్పను? కానీ ఇంట్లో పరిస్థితి, బ్యాక్‌లాగ్‌లు, అటెండెన్స్ చూడటానికి బ్రాంచితో పనేముంది?

అందుకే రెండు పనులూ విడదీయమని పట్టుబట్టాం. కోర్సుల సలహాకి ప్రతి ప్రోగ్రామ్‌కి ఒకరిద్దరు సబ్జెక్టు తెలిసినవాళ్లు. మెంటర్ మాత్రం చివరిదాకా ఒక్కరే. కొత్త పంపకం కొత్తగా చేరే బ్యాచ్‌కే, పాత బ్యాచ్‌లు పాస్ అయి వెళ్లేదాకా పాత మెంటర్లతోనే. మేనేజ్‌మెంట్ మొదట ఒప్పుకోలేదు, ఎన్‌బీఏకి (కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే బోర్డు) ఇబ్బంది అన్నారు. ఎన్‌బీఏ గుర్తింపు ఇచ్చేది ప్రోగ్రామ్‌కి, కాబట్టి వాళ్లు అడిగే ఫ్యాకల్టీ జాబితా ప్రోగ్రామ్ వారీగా విడిగా ఉంటే చాలు. ఇరవై మందికి ఒకరు అన్న లెక్క కూడా ఫ్యాకల్టీ సంఖ్యకు సంబంధించినది, దానికోసం మెంటర్లను కదపక్కర్లేదు.

మధ్యలో మెంటర్ ఉద్యోగం మానేస్తే, వెళ్లేముందు పాతవారు, కొత్తవారు, విద్యార్థి ముగ్గురూ ఒకసారి కూర్చోవాలి. రిలీవింగ్ ఫారంలో దానికి ఒక గడి పెట్టించాం. ఇంకోటి, మెంటర్ అవర్ శనివారం ఆఖరి పీరియడ్‌లో వేయనివ్వకండి. ఎవరూ రారు.

జవాబు: ఫైనల్ ఇయర్, ఈసీఈ

స్టూడెంట్‌గా చెబుతున్నా మేడమ్. ఫస్ట్ ఇయర్‌లో హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ మ్యాథ్స్ సార్ మా మెంటర్. ఇంటికి ఫోన్ చేసి మా అమ్మతో మాట్లాడేవారు. సెకండ్ ఇయర్‌లో బ్రాంచికి రాగానే మార్చేశారు. కొత్త మెంటర్ ఎవరో కండొనేషన్ ఫారం మీద సంతకం కావాల్సినప్పుడే తెలిసింది. మైనర్ డిగ్రీకి (మన బ్రాంచితో పాటు ఇంకో విభాగంలో అదనపు అర్హత) మామూలు డిగ్రీకి కావాల్సిన 160 క్రెడిట్లు కాకుండా ఇంకో 18 నుంచి 20 చేయాలని, ముందే రిజిస్టర్ చేసుకోవాలని మాకెవరూ చెప్పలేదు. గడువు అయిపోయాక సీనియర్ల వాట్సాప్ గ్రూపులో చూశాం. మీ అబ్బాయిని వదలకండి మేడమ్.

జవాబు: ఎగ్జామ్ సెక్షన్‌లో పనిచేస్తున్నా

స్కూల్ డీన్ ఒక్కరే సంతకం పెట్టాలంటే కండొనేషన్ ఫైళ్లు గుట్టలు పడతాయి. హెచ్‌ఓడీ పోస్టు తీసేసినా ప్రతి ప్రోగ్రామ్‌కి సంతకం అధికారం ఉన్న కోఆర్డినేటర్ ఉండేలా ఇప్పుడే ఆర్డర్‌లో రాయించండి. హాల్‌టికెట్లు ఇచ్చే వారంలో దాని అవసరం తెలుస్తుంది.

గుంటూరు మేడమ్

అందరికీ థాంక్స్ అండీ. కొత్త బ్యాచ్‌కే కొత్త పంపకం అన్నది ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత కమిటీ) మీటింగ్‌లో రాతపూర్వకంగా పెడతాను. సార్, ఒక్క సందేహం. కేటరింగ్ లాంటి సంగతులు రిజిస్టర్‌లో రాయాలా? నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) టీమ్ వస్తే ఆ రిజిస్టర్లే ముందు పెడతారు కదా.

మెకానికల్ ప్రొఫెసర్

రాయొద్దమ్మా. రిజిస్టర్‌లో 'ఆర్థిక ఇబ్బంది, ప్రిన్సిపాల్‌తో మాట్లాడాం' అంటే చాలు, వివరం పిల్లాడు ఒప్పుకుంటేనే కొత్త మెంటర్‌కి నోటితో చెప్పండి. ఈలోపు హాస్టల్ ఫీజు వాయిదాల్లో కట్టే వీలుందేమో అకౌంట్స్‌లో అడగండి. వాడితో పాటు మీరూ వెళ్లండి, ఒంటరిగా వెళ్తే అడగలేడు.