ఒక్క లైను ప్యాచ్, ఓకే చెప్పేయొచ్చా?

ప్రశ్న: లైనక్స్ డివైస్ ట్రీలో (బోర్డు మీది హార్డ్‌వేర్‌ని వివరించే ఫైలు) ఐ2సీ బస్ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల లైను) క్లాక్‌ని 100000 నుంచి 400000 హెర్ట్జ్‌కి మార్చే ప్యాచ్ (కోడ్ మార్పు) రివ్యూకి వచ్చింది. ఒకటే లైను, కంపైల్ అయింది. టచ్ స్క్రీన్ చురుగ్గా ఉందట. ఓకే చెప్పేయనా?

జవాబు: ఆగండి. ఆ బస్ మీద ఇంకే చిప్‌లున్నాయి? ఒక్కటి 100 కిలోహెర్ట్జ్‌దైనా బస్సంతా ఆ వేగంలోనే నడవాలి. ఇలాంటిదే నేనోసారి ఒప్పుకున్నాను. నా బల్ల మీద బాగానే నడిచింది. వారం తిరక్కుండానే అదే బస్ మీది బ్యాటరీ గేజ్ (ఛార్జ్ కొలిచే చిప్) రీడింగులు మధ్యమధ్యలో ఎగిరిపోయాయి. ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే సిగ్నల్ పైకి లేవడానికే 600 నానోసెకన్లు పడుతోంది! 400 కిలోహెర్ట్జ్‌లో 300 దాటకూడదు. సిగ్నల్‌ని పైకి లాగే పుల్-అప్ రెసిస్టర్ విలువ మరీ ఎక్కువ.

ఇంకొకరు: ఏ బోర్డు మీద పరీక్షించారో కమిట్ మెసేజ్‌లో (ప్యాచ్‌తో పాటు రాసే వివరణ) రాయమనండి.

అడిగినవారు: స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) తెరిచాను. అదే బస్ మీద 100 కిలోహెర్ట్జ్ ఈఈప్రామ్ (మెమరీ చిప్) ఉంది. వెనక్కి పంపుతున్నాను.