చలికాలంలో గ్యాస్ ఫర్నేస్: అమ్మ తలనొప్పికి అది కారణం కావచ్చా?

ప్రశ్న (మినియాపోలిస్ శివారు నుంచి)

అందరికీ నమస్కారం. గత సెప్టెంబరులో మేము 1994లో కట్టిన ఇల్లు ఒకటి కొనుక్కున్నాము. బేస్‌మెంట్‌లో ఇల్లంతటికీ వేడిగాలి పంపే, సహజవాయువుతో నడిచే ఫర్నేస్, దాని పక్కనే గ్యాస్ వాటర్ హీటర్ ఉన్నాయి. రెండింటి పొగగొట్టాలూ ఒకచోట కలిసి ఇంటి కప్పు మీదికి వెళ్తాయి. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చి ఆరు వారాలైంది. చలి బాగా ముదిరిన ఈ పది రోజుల నుంచీ అమ్మకు రోజూ ఉదయం వంట ముగిసే వేళకు తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలవుతున్నాయి. జ్వరం లేదు. మొన్న గుడికి తీసుకువెళ్తే రెండు గంటల్లో పూర్తిగా తేరుకున్నది కానీ, మర్నాడు ఇంట్లో మళ్లీ అదే బాధ. ఈ చలికీ, పొడిగాలికీ అలవాటు పడలేక అలా అవుతోందని అనుకున్నాము. ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూస్తే 98 చూపించింది కనుక ధైర్యంగానే ఉన్నాము. గ్యాస్ వాసన ఎక్కడా రావడం లేదు, పాత యజమానులు మేడ మీద పెట్టిన కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒక్కసారి కూడా మోగలేదు. ఫర్నేస్ విషయంలో చలికాలం ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలో, అమ్మ బాధకు దానితో సంబంధం ఉండవచ్చో లేదో దయచేసి చెప్పగలరు.

సమాధానం (షికాగో నుంచి)

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. దయచేసి మిగతా సమాధానాల కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే అందరినీ బయటికి తీసుకువచ్చి, కారులోనో పొరుగింట్లోనో కూర్చోబెట్టి, అత్యవసర సహాయం అందించే 911కు ఫోన్ చేసి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉందని అనుమానమనీ, ఒకరికి తలనొప్పి, వికారం ఉన్నాయనీ చెప్పండి. కారును గ్యారేజీలో నడుపుతూ మాత్రం కూర్చోవద్దు.

జ్వరం లేకుండా తలనొప్పి, వికారం రావడం, ఇల్లు దాటితే తగ్గి ఇంటికి రాగానే తిరగబెట్టడం ఈ విషవాయువు పోకడే. మీరు ధైర్యపడిన రెండు ఆధారాలూ ఈ విషయంలో పనికిరావు. వంటగ్యాస్‌కైనా సహజవాయువుకైనా వాసనను మనకు తెలియడం కోసం కలుపుతారు, కానీ ఆ గ్యాస్ సరిగా మండక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన గానీ రంగు గానీ ఉండవు. ఇక ఆక్సీమీటర్ సంగతి: ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుబడిన హీమోగ్లోబిన్‌ను మామూలు ఆక్సీమీటర్ ప్రాణవాయువు మోస్తున్నదిగానే లెక్కగట్టి, మనిషికి ఊపిరి ఆడని స్థితిలో కూడా 98 చూపించగలదు. దీనికి వేరే రక్తపరీక్ష ఉంది. మంచి గాలిలోకి వచ్చాక రక్తంలోని విషం నాలుగైదు గంటలకు సుమారు సగానికి తగ్గిపోతుంది కనుక, అమ్మగారు ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయటపడ్డారో ఆసుపత్రిలో తప్పకుండా చెప్పండి.

సమాధానం (మిషిగన్ నుంచి)

పై సోదరి చెప్పినట్లు ముందు బయటికి రండి. ఈ కింది మాటలు అధికారులు వచ్చి వెళ్లిన తరువాత చదువుకోవలసినవి.

నాకు ఫర్నేస్ కంటే దాని పక్కనున్న వాటర్ హీటర్ మీదే అనుమానం ఎక్కువగా ఉంది. ఆ కాలపు వాటర్ హీటర్లలో పొగను బయటికి తోసే ఫ్యాన్ ఉండదు. వేడి పొగ తేలిక కనుక తనంతట తానే పైకి పోవాలి. మన ఇళ్లలో తాలింపు ఘాటు కోసం పొయ్యి మీద పెద్ద ఫ్యాన్ పెట్టించుకుంటాము. చలికి తలుపులూ కిటికీలూ బిగించిన ఇంట్లో అది నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలిని బయటికి లాగితే, ఆ లోటు పూడడానికి గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. అన్నిటికంటే సులభమైన దారి వాటర్ హీటర్ పొగగొట్టమే, కాబట్టి పైకి పోవలసిన పొగ తిరిగి ఇంట్లోకి దిగుతుంది. 400 ఘనపుటడుగులు దాటిన ఫ్యాన్ పెడితే బయటి గాలి రావడానికి ప్రత్యేకమైన దారి కూడా ఉండాలని ఇక్కడి గృహ నిర్మాణ నియమావళి చెబుతుంది కానీ, ఫ్యాన్ మార్చుకునేటప్పుడు ఆ సంగతి చాలామందికి తట్టదు. అమ్మగారికి వంట వేళకే బాధ మొదలవుతున్నదని రాశారు కనుక ఈ మాట చెబుతున్నాను. బర్నర్ మండుతుండగా హీటర్ పైభాగంలో గొట్టం మొదలయ్యే చోట వెలిగించిన అగరుబత్తి పట్టుకుంటే, పొగ గొట్టంలోకి లాగబడాలి. బయటికి తోసుకువస్తే గాలి ఎదురు తిరిగిందని అర్థం. అయితే లక్షణాలు కనిపించిన ఇంట్లో ఈ పరీక్ష మీరు చేయవద్దు, నిపుణుడి చేత చేయించండి.

ఫర్నేస్ వరకు, చలికాలానికి ముందే ఏటా ఒకసారి నిపుణుడి చేత మంట, పొగగొట్టం, వేడి మార్చే లోహపు గదులు చూపించాలి. మంట నీలంగా నిలకడగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతుంటే ఆపి మనిషిని పిలవాలి. అంగుళం మందం ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలల్లోపు మార్చాలి, ఎందుకంటే అది పూడిపోతే గాలి ఆడక లోపలి లోహం అతిగా కాగుతుంది, ఏళ్ల తరబడి అలా కాగితే పగుళ్లు రావచ్చు. వాడని గదుల్లో వేడిగాలి జాలీలు వరుసగా మూసేయడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. ఫర్నేస్ గదిని సామాన్ల గదిగా మార్చడం మనవాళ్లలో మామూలే కానీ, బియ్యం బస్తాలు, సూట్‌కేసులు దాని చుట్టూ పేర్చవద్దు, పెయింట్లు, పెట్రోలు ఆ గదిలో అసలే ఉంచవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఆ రోజే బయటికి వచ్చి ఫోన్ చేశాము. వంట ముగించి ఫ్యాన్ ఆపి గంట దాటినా వచ్చిన అధికారుల పరికరం వంటింట్లో 45 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 45 వంతులు) కార్బన్ మోనాక్సైడ్ చూపించింది, వాటర్ హీటర్ దగ్గర అంతకంటే ఎక్కువ. ఫ్యాన్ మళ్లీ వేయించి చూసినప్పుడు పొగ ఎదురు రావడం మా కళ్ల ముందే కనిపించింది. హీటర్‌కు గ్యాస్ కట్టివేసి వాడకూడదని ఎర్ర చీటీ తగిలించి వెళ్లారు. అమ్మకు ఆసుపత్రిలో కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు బాగున్నది. పొగను ఫ్యాన్‌తో బయటికి తోసే కొత్త హీటర్ వచ్చే వారం పెడతారు, ఫర్నేస్‌లో లోపం లేదన్నారు. మేడ మీది అలారం తీసి వెనక చూస్తే 2009లో తయారైనదని ఉంది, అంటే దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఒక సందేహం మిగిలింది: అది కొత్తదే అయివుంటే మోగేదా?

సమాధానం (షికాగో నుంచి)

అమ్మగారు తేరుకున్నందుకు చాలా సంతోషం. అంత తక్కువ మోతాదుకు కొత్తది కూడా మౌనంగానే ఉండి ఉండవచ్చు. ఇక్కడి ప్రమాణం ప్రకారం అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల లోపు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. అది ప్రాణం పోకుండా కాపాడడానికి పెట్టిన లెక్క. వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో తక్కువ మోతాదును కూడా అంకెల్లో చూపే పరికరం ఒకటి అదనంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మిన్నెసోటా చట్టం ప్రతి పడకగదికి 10 అడుగుల లోపు అలారం ఉండాలంటుంది కనుక, అమ్మానాన్నలు కింది గదిలో పడుకుంటే అక్కడ కూడా ఒకటి పెట్టండి. వరుసగా నాలుగు కూతలు వినిపిస్తే విషవాయువు ఉన్నట్లు, నిమిషానికి ఒకటి చొప్పున చిన్న కూత వస్తుంటే బ్యాటరీ గానీ అలారం ఆయుష్షు గానీ అయిపోయినట్లు. ఈ తేడా అమ్మానాన్నలకు తెలుగులో ఒక కాగితం మీద రాసి, 911 అంకెతో సహా వంటింటి తలుపుకు అంటించండి, ఎందుకంటే పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే.