గ్రీన్‌లాండిక్‌లో "లేదు" ఎక్కడ దాక్కుంటుంది?

తార్నాక_స్టూడెంట్:
ఫ్రెండ్స్ ఒక డౌట్. సెమినార్ కోసం గ్రీన్‌లాండ్ వాళ్ళ భాష గ్రీన్‌లాండిక్ చదువుతున్నా, వాళ్ళు దాన్ని కలాల్లిసుత్ అంటారు, 2009 నుంచి అక్కడ అదొక్కటే అధికార భాష. నెరివొక్ అంటే తింటున్నాడు, నెరిఙ్ఙిలక్ అంటే తినట్లేదు. లేదు అనే విడి మాటే కనిపించట్లే. ప్రత్యయం ఙ్ఙిత్ అని పుస్తకంలో ఉంది, మరి ఆ త్ ఏమైంది, వొ పోయి ల ఎట్లొచ్చింది?

మల్కాజిగిరి_అక్క:
తమ్ముడూ, వొ, పొ అనేవి మామూలుగా చెప్పే వాక్యానికి గుర్తు. ఙ్ఙిత్ వచ్చిందంటే వాటి చోట్లోకి ల వస్తుంది, ల ముందు త్ పడిపోతుంది, అంతే. చివర్లో ఎవరు అన్నది ఉంటుంది, నెరిఙ్ఙిలఙ అంటే నేను తినట్లేదు. మనం ఇక్కడ తింటలేను, తింటలేవు, తింటలేడు అంటాం కదా, క్రియ, మధ్యలో లే, చివర మనిషి, వరస అచ్చం అదే! ఇంకోటి చూడు, రాత్రిపూట తినడు అన్నా రేపు తినడు అన్నా మనకి ఒకటే మాట, వాళ్ళకి వేరే. రేపటిదైతే భవిష్యత్తు ప్రత్యయం స్స ముందొచ్చి నెరిస్సఙ్ఙిలక్, అలవాటు లేదంటే నెరినెక్ అయొర్పొక్.

పాత_నల్లకుంట:
నాకు బాగా నచ్చింది ఇల్లు. వాళ్ళ భాషలోనూ ఇల్లు అంటే ఇల్లే, చుట్టరికం ఏం లేదు, ఊరికే కలిసింది. దానికి కర్ అనే ప్రత్యయం తగిలిస్తే నామవాచకం కాస్తా క్రియ అయిపోతుంది, ఇల్లొకర్పుఙ, నాకు ఇల్లుంది. దాని మీద ఙ్ఙిత్ పెడితే ర్ రాలిపోయి ఇల్లొకఙ్ఙిలఙ, నాకు ఇల్లు లేదు. మనకి మూడు మాటలు, వాళ్ళకి ఒక్కటే. పైన అక్క చెప్పిన అయొర్పొక్ విడిగా అంటే బాలేదు అని, దానికి ఙ్ఙిత్ చేరిస్తే అయుఙ్ఙిలక్, అంటే బానే ఉంది. మన పర్లేదు లాగే, లేదు అంటూనే బాగుందని చెప్పడం. ఒ కాస్తా ఉ అయింది గమనించావా, గొంతు లోపల్నుంచి పలికే ర్, క్ ల ముందే ఉ అక్కడ ఒ అవుతుంది, ర్ పోగానే మళ్ళీ ఉ.

తార్నాక_స్టూడెంట్:
చాలా థాంక్స్ అక్కా, అన్నా, ఇప్పుడు క్లియర్ అయింది. మరి తినకుండా అనాలంటే కూడా ఙ్ఙిత్ వేస్తారా?

మల్కాజిగిరి_అక్క:
వెయ్యరు. అక్కడ న వస్తుంది, నెరినని అంటే తినకుండా.